నాది కాని వాన

గ్లాస్గోలో సోమవారం.
రొయ్యలు కొనే ఆయన కలుస్తానన్నది మంగళవారం.
మధ్యలో ఒక రోజు మిగిలిపోయింది నాకు,
టికెట్ వెనకాల కండక్టర్ రాసిచ్చిన చిల్లరలా:
ఉంది, చేతికి రాదు.

చూడాల్సినవి నాలుగు రాసుకున్నాను రాత్రే,
నీటి పరీక్షల కాగితాల వెనక.
నది. వంతెన. మ్యూజియం.
ఒకప్పుడు చేపల మార్కెట్ ఉండేదట, ఆ వీధి.
పొద్దున తెర తీస్తే
నది లేదు, వంతెన లేదు,
ఎదురింటి పొగగొట్టం సగమే ఉంది.

ఉరుము లేదు. మెరుపు లేదు.
పెంకుల మీద పడి పలకదు.
కబురు పెట్టకుండా వచ్చి
సంచి కూడా దించకుండా
గుమ్మంలోనే కూర్చుండిపోయిన చుట్టంలా
వాన.

మాకు ముసురంటే పరుగు.
మబ్బు పట్టిందా, చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది.
తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలి
మీసాలెత్తి గాలి అడుగుతాయి.
ఏరేటర్లు తిప్పు, జనరేటర్‌లో డీజిల్ చూడు,
ఏసుబాబూ, గట్టు మీదే ఉండు, కునుకు తియ్యకు...
ఇరవై రెండేళ్లలో
ఏ వానా నన్ను ఊరికే పలకరించలేదు.

ఈ వానకి నాతో పని లేదు.
ఆ సంగతి బుర్రకెక్కేలోపు
కెటిల్ రెండుసార్లు మరిగింది.

పళ్లెంలో పెట్టిన బిస్కెట్లు రెండూ తిన్నాను.
తోక ఉన్న టీ సంచిని
ఎప్పుడు పైకి లాగాలో తెలీక చేదు చేసుకున్నాను.
నిన్న తడిసిన చుడీదార్లు హీటర్ మీద
ఆరడం మానేసి కంపు కొట్టడం మొదలుపెట్టాయి.
వాటిని సంచిలో కుక్కుకుని రోడ్డు దాటాను.
ఇరవై అడుగులు. గొడుగు ఒకసారి తిరగబడింది.

డబ్బులేసి బట్టలుతుక్కునే షాపు.
గోడవారన పదకొండు యంత్రాలు,
పదకొండు గుండ్రటి కిటికీలు,
లోపల ఎవరి వాన వాళ్లది.
నేను వేసిన నాణేన్ని యంత్రం ఉమ్మేసింది.
చున్నీకి తుడిచి మళ్లీ వేస్తే పుచ్చుకుంది.

అది చూసి నవ్విందామె. మోరాగ్ అట పేరు.
డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో
ఇద్దరు పడుకునే మంచానికి సరిపడే దుప్పటి.
పక్కన ఎవరూ లేరు.
ఏదో అంది. ఇంగ్లీషే అనుకుంటాను,
ఒక్క ముక్క పట్టుకోలేకపోయాను.
రెండు కొసలు నా చేతిలో పెట్టింది.
అది అర్థమైంది.

లాగు, విదిలించు, కొసలు కలుపు,
ఎదురు నడిచివెళ్లి నీ అంచు అప్పజెప్పు.
దగ్గరకొచ్చినప్పుడల్లా
ఆమె దగ్గర దగ్గు బిళ్లల వాసన.
నా దగ్గర ఏం వాసనేసిందో,
ఎంత తోమినా గోళ్ల సందున చెరువుంటుంది నాకు,
ఆమె ముక్కు చిట్లించలేదు.

మూడో దుప్పటికి
నేను కుడికి తిప్పాను, ఆమె ఎడమకి.
అది మోకులా మెలిపడింది.
అంత నవ్వాల్సిన సంగతేం కాదు.
నవ్వాం.

కిటికీ వైపు గడ్డం ఎగరేసి “డ్రీఖ్” అంది.
తిట్టనుకున్నాను.
బయటికి చెయ్యి చాపి చూపించాక తెలిసింది,
వాన పేరు.
“ముసురు” అన్నాను.
“ముజరూ” అంది,
నోట్లో వేడి బంగాళాదుంప ఉన్నట్టు.

వెళ్తూ వెళ్తూ
డ్రయ్యర్‌లో తనకి మిగిలిన పద్నాలుగు నిమిషాలు
నాకొదిలేసింది.

ఆ వేడిలో నా బట్టలు దొర్లుతుంటే
బెంచీ మీద కూర్చున్నాను, చేతుల్లో ఏమీ లేకుండా.
ఫోన్ మోగింది. ఏసుబాబు.
“మేడం, ఇక్కడ మబ్బేసింది.”
“ఎంత చూపిస్తోంది?”
“నాలుగు.”
“చీకటి పడకముందే ఏరేటర్లు వేసెయ్.”
“అలాగే. మీ దగ్గరో?”

“ఇక్కడ వానే. ఏం చెయ్యక్కర్లేదు.”

కాస్త గట్టిగానే అన్నట్టున్నాను.
పక్క బెంచీ కుర్రాడు
చెవుల్లోంచి పాట తీసేసి నా వైపు చూశాడు.
డ్రయ్యర్‌లో ఇంకా ఆరు నిమిషాలున్నాయి.